సహాధ్యాయి ప్రతిస్పందన: తెలుగు రచనాబోధనలో దాని స్వరూపం, నిర్వహణ

వ్యాససంగ్రహం:

విద్యార్థి రాసిన రచనను తోటి విద్యార్థి చదివి, అది తనకు ఎంతవరకు అందిందో, ఎక్కడ మెరుగుపడాలో చెప్పడాన్ని సహాధ్యాయి ప్రతిస్పందన అంటారు. భారం పంచుకోవడానికో, మార్కులు వేయించడానికో ఉపకరించే ఏర్పాటుగా దీన్ని చూడడం పరిపాటి. నిజానికి ఇది చదివే విద్యార్థికీ, రాసే విద్యార్థికీ రచనను తూచే దృష్టిని అలవరచే బోధనాప్రక్రియ. అయితే ఇది చెప్పినంత మాత్రాన రాదు, నేర్పవలసి ఉంటుంది. తెలుగు తరగతిలో ఈ ప్రక్రియకు ఎదురయ్యే చిక్కులను, దానికి అవసరమైన శిక్షణ క్రమాన్ని, మాండలికం విషయంలో పాటించవలసిన జాగ్రత్తను ఈ వ్యాసం వివరిస్తుంది. మార్కుల ప్రమేయం లేకుండా, తిరగరాతకు సమయం కేటాయించినప్పుడే ఈ ప్రక్రియ ఫలిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సహాధ్యాయి ప్రతిస్పందన, రచనాబోధన, నిర్మాణాత్మక మూల్యాంకనం, తిరగరాత, మాండలికం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు బోధించే ఉపాధ్యాయుని బల్లపై నోటుపుస్తకాల దొంతర ఎప్పుడూ ఉంటుంది. 40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్క వ్యాసానికి మూడు నిమిషాలు కేటాయించినా రెండు గంటలు పడుతుంది. నాలుగైదు తరగతులకు బోధించే ఉపాధ్యాయునికి ఇది వారమంతా తీరని పని. అందువల్ల దిద్దుబాటు చాలాసార్లు అక్షరదోషాల కింద ఎర్రగీతకూ, చివర ఒక సంతకానికీ పరిమితమవుతుంది. పుస్తకం విద్యార్థికి తిరిగి చేరేసరికి తరగతి మరో పాఠంలోకి వెళ్ళిపోతుంది. విద్యార్థి మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తాడు.

ఈ స్థితిలో విద్యార్థి రచనకు నిజమైన పాఠకుడు ఉండడు. తాను రాసింది ఎవరికి ఎలా అర్థమైందో అతనికి తెలియదు. తెలుగు వాచకాల అభ్యాసాల్లో ‘అవగాహన–ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ వంటి విభాగాలు కనిపిస్తాయి. వాచకంలోని పాఠానికి ప్రతిస్పందించడం నేర్చుకుంటున్న విద్యార్థి, పక్కనే కూర్చున్న స్నేహితుని రచనకు ప్రతిస్పందించడం కూడా నేర్చుకోగలడు. ఆ నేర్పు ఎలా అలవడుతుంది, ఎక్కడ దారి తప్పుతుంది అన్నవే ఇక్కడ పరిశీలించదగిన అంశాలు.

2. పూర్వరంగం:

విద్యార్థులు ఒకరికొకరు నేర్పుకోవడం తెలుగునేలకు కొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిగతులపై కలెక్టర్ల నుంచి సమాచారం కోరారు. తెలుగు వ్యాకరణం (1816), నిఘంటువు (1821) కూర్చిన ఎ.డి. క్యాంప్‌బెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరు. ఆయన 1823లో పంపిన నివేదికలో, ముందున్న విద్యార్థులు వెనుకబడిన వారికి నేర్పుతూ తమ జ్ఞానాన్ని కూడా దృఢపరచుకునే వీధిబడుల పద్ధతిని మెచ్చుకున్నారు. ఇంగ్లండులో ఆ పద్ధతిని అనుకరించడం సముచితమేనని అభిప్రాయపడ్డారు. అంతకుముందే మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలలో ఆండ్రూ బెల్ ఈ తరహా బోధనను అమలుచేసి 1797లో దానిపై పుస్తకం ప్రచురించారు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది.

అయితే ఆ నివేదికలోనే క్యాంప్‌బెల్ మరో సంగతి కూడా ఎత్తిచూపారు. పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని ఆయన విమర్శించారు. ఈ రెండు పరిశీలనలనూ కలిపి చూడాలి. వీధిబడిలో పెద్ద విద్యార్థి చిన్న విద్యార్థికి అప్పటికే సిద్ధంగా ఉన్న పాఠాన్ని అందించేవాడు. అక్షరం సరిగా ఉందా, పద్యం తప్పకుండా వచ్చిందా అని చూడడమే అతని పని. సమానస్థాయిలో ఉన్న ఇద్దరు విద్యార్థులు ఒకరి సొంత రచనను మరొకరు చదివి తూకం వేయడం దీనికి భిన్నమైనది. ఇక్కడ సరైన జవాబు ముందుగా ఎవరి దగ్గరా ఉండదు. కనుక పాత సంప్రదాయం స్ఫూర్తిని ఇవ్వగలదు గాని పద్ధతిని ఇవ్వలేదు.

వర్తమానంలో విధానపరమైన అవకాశం కూడా ఏర్పడింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని నిర్దేశించింది. 2020 జాతీయ విద్యావిధానం విద్యార్థి ప్రగతిపత్రంలో ఉపాధ్యాయుని మదింపుతో పాటు స్వీయ మదింపు, సహాధ్యాయి మదింపు కూడా ఉండాలని సూచించింది. ఈ సూచన మంచిదే. కాని దీన్ని ‘పక్కవాడి చేత మార్కులు వేయించడం’గా అమలు చేస్తే అసలు ప్రయోజనం దెబ్బతింటుంది. మదింపు, ప్రతిస్పందన ఒకటి కావు. మదింపు పూర్తయిన పనికి విలువ కడుతుంది. ప్రతిస్పందన పూర్తికాని పనిని ముందుకు నడుపుతుంది.

3. పరిశోధనలు చెబుతున్నది:

ప్రతిస్పందన ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకం సరికాదు. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డినీసి 1996లో అనేక అధ్యయనాలను క్రోడీకరించి, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ప్రతిస్పందన వల్ల పనితీరు తగ్గిందని చూపారు. వ్యక్తి దృష్టి పని మీద నుంచి తన మీదికి మళ్ళినప్పుడు ప్రతిస్పందన బలం తగ్గుతుందని వారు వివరించారు. జాన్ హాటీ, హెలెన్ టింపర్లీ 2007లో చేసిన సమీక్ష కూడా, వ్యక్తిని ఉద్దేశించిన పొగడ్త అభ్యసనానికి తోడ్పడేది చాలా తక్కువని పేర్కొంది. ‘నువ్వు తెలివైనవాడివి’ అన్న మాట విన్న విద్యార్థికి తరువాత చేయవలసిన పని ఏదీ తెలియదు.

మార్కుల సంగతిని రూత్ బట్లర్ 1988లో పరిశీలించారు. ఇజ్రాయెల్‌లో అయిదు, ఆరు తరగతుల విద్యార్థుల్లో కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, మరికొందరికి రెండూ కలిపి ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే పొందినవారి పనితీరు, ఆసక్తి మెరుగ్గా కనిపించాయి. మార్కుతో కలిపి ఇచ్చిన వ్యాఖ్యకు ఆ ఫలితం దక్కలేదు. మార్కు పక్కన ఉన్న వ్యాఖ్య విద్యార్థి చూపుకు ఆనదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

తోటి విద్యార్థుల మాటకున్న శక్తిని న్యూజిలాండ్ పరిశోధకుడు గ్రాహం నుటాల్ వెల్లడించారు. విద్యార్థులకు చిన్న మైకులు అమర్చి తరగతి సంభాషణలను నమోదుచేసినప్పుడు, తమ పనిపై వారు అందుకునే ప్రతిస్పందనలో అధికభాగం తోటివారి నుంచే వస్తున్నదని, అందులో చాలావరకు తప్పుగా ఉంటున్నదని తేలింది. అంటే ఉపాధ్యాయుడు ఏర్పాటు చేసినా చేయకపోయినా ఈ సంభాషణ జరుగుతూనే ఉంటుంది. దాన్ని నేర్పకుండా వదిలేయాలా, నేర్పి సరిదిద్దాలా అన్నదే ప్రశ్న.

ఈ ప్రక్రియ వల్ల ఎవరికి మేలు అన్నది మరో ప్రశ్న. క్రిస్టీ లండ్‌స్ట్రమ్, వెండీ బేకర్ 2009లో అమెరికాలో ఇంగ్లీషును రెండవ భాషగా నేర్చుకుంటున్న విద్యార్థులపై అధ్యయనం చేశారు. ఒక వర్గం ఇతరుల రచనలపై ప్రతిస్పందన ఇవ్వడం మాత్రమే నేర్చుకుంది. రెండవ వర్గం అందిన ప్రతిస్పందనను వాడుకోవడం మాత్రమే నేర్చుకుంది. తమ సొంత రచనలో ఎక్కువ ప్రగతి సాధించినది ఇచ్చిన వర్గమే. ప్రారంభస్థాయి విద్యార్థుల్లో ఈ మేలు ప్రస్ఫుటంగా కనిపించింది. డి. రాయిస్ శాడ్లర్ 1989లో చేసిన వివరణ దీనికి హేతువును అందిస్తుంది. విద్యార్థి మెరుగుపడాలంటే మంచి పని ఎలా ఉంటుందో తెలియాలి, తన పనిని దానితో పోల్చుకోగలగాలి, ఆ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించే చర్య చేపట్టాలి అని ఆయన ప్రతిపాదించారు. తన రచనలో కనిపించని లోపం ఎదుటివారి రచనలో సులభంగా కనిపిస్తుంది. అక్కడ అలవడిన చూపే తరువాత తన రచన మీదికి తిరుగుతుంది.

4. తెలుగు తరగతిలో ఎదురయ్యే చిక్కులు:

శిక్షణ లేకుండా పుస్తకాలు మార్పించినప్పుడు సాధారణంగా నాలుగు రకాల స్పందనలు వెలువడతాయి. మొదటిది మొహమాటపు మెప్పు. స్నేహం చెడుతుందన్న భయంతో ‘చాలా బాగుంది’ అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు. రెండవది అక్షరదోషాల వేట. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో చేసే పనినే విద్యార్థి అనుకరిస్తాడు. ‘విధ్యార్థి’ అన్న చోట ఒత్తు తీసేస్తాడు గాని వ్యాసంలో విషయం ఉందో లేదో చూడడు. మూడవది ఎగతాళి. నాలుగవది మౌనం. ర్యాంకు తక్కువ ఉన్న విద్యార్థి ర్యాంకు ఎక్కువ ఉన్నవారి రచనలో లోపం చూపడానికి జంకుతాడు.

ఈ నాలుగింటికీ మూలం విద్యార్థుల స్వభావంలో లేదు. మంచి రచన అంటే ఏమిటో వారితో ఎవరూ చర్చించలేదు. లోపాన్ని నొప్పించకుండా చెప్పే భాష వారికి అందలేదు. ర్యాంకు, కులం, స్త్రీపురుష భేదం వంటి హోదాలు తరగతి గదిలోకి కూడా వస్తాయి. ఎవరి మాటకు విలువ ఉండాలో అవి ముందే నిర్ణయించి పెడతాయి. శిక్షణ ఈ కారణాలను ఎదుర్కొనేదిగా ఉండాలి.

5. శిక్షణ క్రమం:

5.1 ప్రమాణాన్ని ఉమ్మడిగా నిర్ణయించడం:

ఒకే అంశంపై రాసిన రెండు చిన్న రచనలను, పేర్లు లేకుండా, బోర్డు మీద రాయాలి. అవి ప్రస్తుత తరగతి విద్యార్థులవి కాకుండా ఉపాధ్యాయుడు సిద్ధం చేసినవై ఉండడం మేలు. ఏది బాగుంది, ఎందుకు అని తరగతిని అడగాలి. ‘ఇది చదివితే కళ్ళకు కట్టినట్టుంది’, ‘ఇందులో చెప్పిందే మళ్ళీ చెప్పారు’ వంటి జవాబుల నుంచే మూడు నాలుగు ప్రమాణాలను విద్యార్థుల మాటల్లోనే గోడపత్రిక మీద రాయాలి. ఉపాధ్యాయుడు ముందే తయారుచేసిన పట్టిక కంటే ఇది విద్యార్థులకు త్వరగా పట్టుబడుతుంది.

5.2 అందరి ముందు చేసి చూపడం:

తరువాత ఉపాధ్యాయుడు స్వయంగా రాసిన ఒక పేరాను విమర్శకు పెట్టాలి. విద్యార్థులు దానిపై స్పందిస్తున్నప్పుడు ఆయన సమర్థించుకోకుండా విని, ఒక సూచనను స్వీకరించి, అక్కడికక్కడే వాక్యాన్ని మార్చి చూపాలి. లోపం చెప్పించుకోవడం అవమానం కాదన్న సంగతి ఉపన్యాసం కంటే ఈ చర్య వల్ల స్పష్టంగా తెలుస్తుంది.

5.3 మాటల చట్రాలు:

ప్రతిస్పందన ఎలా మొదలుపెట్టాలో తెలియని విద్యార్థికి వాక్యప్రారంభాలు ఊతమవుతాయి. వీటిలో మూడు చాలు. ‘ఇది చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే...’ అన్నది పాఠకుని అవగాహనను చెబుతుంది. ‘ఇక్కడ ఆగిపోయాను, ఎందుకంటే...’ అన్నది ఇబ్బందిని చెబుతుంది. ‘ఈ సంగతి ఇంకొంచెం చెబితే...’ అన్నది దారి చూపుతుంది. ఈ మూడూ రచన గురించే మాట్లాడతాయి, రచయిత గురించి మాట్లాడవు.

ఒక విడతలో ఒకే ప్రమాణం మీద దృష్టి పెట్టడం మరో ముఖ్యసూత్రం. అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బాయిసీ నగరంలో ఒకటో తరగతి బాలుడు వేసిన సీతాకోకచిలుక బొమ్మ ఉదంతాన్ని ఉపాధ్యాయుడు రాన్ బర్గర్ ప్రచారంలోకి తెచ్చారు. తోటి పిల్లలు మొదట రెక్కల ఆకారం గురించే సూచనలు చేశారు. ఆకారం కుదిరాక రెక్కల మీది చారల గురించి చెప్పారు. ఆ బాలుడు ఆరు చిత్తులు వేశాడు. చివరిది మొదటిదాన్ని పోల్చలేనంతగా మెరుగైంది. రచనలో కూడా మొదట విషయం, తరువాత క్రమం, ఆ తరువాతే అక్షరదోషాలు అన్న వరుస పాటించాలి. తీసివేయబోయే వాక్యంలో దోషాలు దిద్దడం వృథాశ్రమ.

5.4 జతల ఏర్పాటు:

జతలను విద్యార్థుల ఇష్టానికి పూర్తిగా వదిలేస్తే స్నేహబృందాలే మిగులుతాయి. ర్యాంకుల ప్రకారం కూర్చితే ఒకరు గురువుగా, ఒకరు శిష్యునిగా స్థిరపడిపోతారు. మూడు నాలుగు వారాలకోసారి జతలు మార్చడం, ఒక్కోసారి ముగ్గురేసి బృందాలుగా కూర్చోబెట్టడం వల్ల ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. ఇద్దరూ ఇచ్చేవారుగానూ, పుచ్చుకునేవారుగానూ ఉండేలా చూడడం తప్పనిసరి.

5.5 తిరగరాత:

ఈ క్రమంలో తరచుగా జారిపోయేది ఇదే. ప్రతిస్పందన అందిన తరువాత రచనను మార్చుకునే సమయం లేకపోతే మిగతా శ్రమ అంతా నిష్ఫలం. ఒక పీరియడు ప్రతిస్పందనకు కేటాయిస్తే మరుసటి పీరియడులో కనీసం 20 నిమిషాలు తిరగరాతకు ఉంచాలి. తిరగరాత కింద విద్యార్థి రెండు వాక్యాలు రాయాలి: ఏ సూచన స్వీకరించాడు, ఏది స్వీకరించలేదు, ఎందుకు. తన రచనపై తుదినిర్ణయం తనదేనన్న స్పృహ దీనివల్ల కలుగుతుంది. తోటివారి సూచన తప్పైనప్పుడు ఇదే రక్షణకవచం.

6. ఒక ఉదాహరణ:

ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు ‘మా ఊరి చెరువు’ అన్న అంశంపై ఇలా రాశాడని ఊహించవచ్చు: “మా ఊరి చెరువు చాలా అందంగా ఉంటుంది. దానిలో చేపలు ఉంటాయి. చెరువు వల్ల చాలా ఉపయోగాలు ఉన్నాయి. పోయినేడు కట్ట తెగింది. అందరూ భయపడ్డారు. చెరువును మనం కాపాడుకోవాలి.”

దీనికి మూడు రకాల స్పందనలు రావచ్చు. మొదటిది, “చాలా బాగుంది, ఇంకా బాగా రాయి.” దీనివల్ల రచయితకు ఒరిగేదేమీ లేదు. రెండవది, “పోయినేడు కాదు, గత సంవత్సరం అని రాయాలి. చేతిరాత బాగాలేదు.” ఇందులో ఒకటి అనవసరం, మరొకటి రచనకు సంబంధించనిది. మూడవది ఇలా ఉంటుంది: “కట్ట తెగింది అని చదవగానే ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. కాని వెంటనే ఆపేశావు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? మీ ఇంట్లోవాళ్ళు ఏం చేశారు? చాలా ఉపయోగాలు అన్నావు, ఒక్కటీ చెప్పలేదు.”

మూడవ స్పందన అందుకున్న విద్యార్థి తిరగరాత ఇలా రూపొందే అవకాశం ఉంది: “పోయినేడు వానలకు మా చెరువు కట్ట తెగింది. తెల్లారేసరికి నీళ్ళు బడి దాకా వచ్చాయి. మా తాత, పక్కింటివాళ్ళు ఇసుక బస్తాలు మోసి గండి పూడ్చారు. అప్పటికే చెరువు సగం ఖాళీ అయింది. ఆ యాసంగికి నీళ్ళు చాలక మా పొలం బీడు పడింది. చెరువు నిండితేనే మన ఇంట్లో బువ్వ అని మా తాత అంటాడు.”

ఇక్కడ ‘ఉపయోగాలు’ అన్న పొడిమాట స్థానంలో బీడుపడిన పొలం వచ్చింది. ‘కాపాడుకోవాలి’ అన్న అరువు నీతి స్థానంలో తాత మాట వచ్చింది. గైడు పుస్తకపు వ్యాసం విద్యార్థి సొంత వ్యాసంగా మారింది. ఈ మార్పుకు కారణం వ్యాకరణజ్ఞానం కాదు. తెలుసుకోవాలన్న ఆసక్తితో చదివిన ఒక పాఠకుడు అడిగిన రెండు మూడు ప్రశ్నలు. ఆ ప్రశ్నలు అడగడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

7. మాండలికం, గౌరవం:

పై ఉదాహరణలోని రెండవ స్పందన తెలుగు తరగతికి ప్రత్యేకమైన సమస్యను సూచిస్తుంది. ‘పోయినేడు’, ‘యాసంగి’, ‘బువ్వ’ వంటి ఇంటిమాటలు రచనలోకి వచ్చినప్పుడు తోటి విద్యార్థి వాటిని తప్పులుగా గుర్తించే ప్రమాదం ఉంది. వాచకభాషకు దగ్గరగా మాట్లాడే విద్యార్థి నవ్వితే, మాండలికం మాట్లాడే విద్యార్థి ఆ తరువాత రాయడమే తగ్గిస్తాడు. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం ప్రజల నోటి భాషకు రచనలో చోటు సంపాదించడానికి ఎంతో పోరాడింది. ఆ చోటు తరగతి గదిలో ఇప్పటికీ భద్రంగా లేదు.

కనుక శిక్షణలో దోషానికీ, మాండలికానికీ ఉన్న తేడాను స్పష్టం చేయాలి. ‘అర్థం’ రాయవలసిన చోట ‘అర్ధం’ రాస్తే అర్థమే మారిపోతుంది. అది దోషం. ‘రబీ’ అనకుండా ‘యాసంగి’ అనడం దోషం కాదు. తెలియని మాట ఎదురైనప్పుడు ‘ఇది తప్పు’ అనడానికి బదులు ‘ఈ మాటకు మీ ఊళ్ళో అర్థం ఏమిటి?’ అని అడగడం తరగతి నియమంగా ఉండాలి. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పదాలు ఇలా చర్చకు వచ్చిన తరగతిలో ప్రతిస్పందన పదసంపదను పెంచే పాఠంగా కూడా మారుతుంది. లేఖ, దరఖాస్తు వంటి రచనల్లో ప్రామాణికభాష ఎందుకు కావాలో కూడా అప్పుడే వివరించవచ్చు. సందర్భాన్ని బట్టి భాష మారుతుందన్న అవగాహన అవమానం లేకుండా కలుగుతుంది.

8. ఉపాధ్యాయుని పాత్ర, పరిమితులు:

సహాధ్యాయి ప్రతిస్పందన ఉపాధ్యాయుని పనిని తొలగించదు, దాని స్వభావాన్ని మారుస్తుంది. విద్యార్థులు మాట్లాడుకుంటున్నప్పుడు ఆయన నాలుగైదు జతల దగ్గర కూర్చుని వినాలి. వాటిలో మంచి ప్రతిస్పందన ఒకటి ఎంచి, ఇచ్చిన విద్యార్థి అనుమతితో, తరగతికి చదివి వినిపించాలి. ఇప్పుడు ఆయన దిద్దేది రచనను మాత్రమే కాదు, రచనపై వచ్చిన వ్యాఖ్యను కూడా.

మార్కులు వేసే పని మాత్రం ఉపాధ్యాయునిదే కావాలి. ప్రగతిపత్రంలో సహాధ్యాయి మదింపు నమోదు చేయవలసి వచ్చినప్పుడు అంకెకు బదులు ‘ఈ విద్యార్థి తోటివారి రచనకు ఎలాంటి సహాయం చేశాడు’ అన్న వివరణవాక్యం రాయడం ఉచితం. అప్పుడు తూచేది పక్కవాడి ప్రతిభను కాదు, సహాయపడే నేర్పును.

ఈ ప్రక్రియకు పరిమితులు ఉన్నాయి. ఇద్దరికీ తెలియని విషయంలో ఇద్దరూ కలిసి పొరబడవచ్చు. చారిత్రక, శాస్త్రీయ వివరాలున్న వ్యాసాల్లో తప్పొప్పులు ఉపాధ్యాయుడే చూడాలి. కుటుంబదుఃఖం వంటి ఆంతరంగిక విషయాలు రాసినప్పుడు ఆ రచనను తోటివారికి చూపించమని ఒత్తిడి చేయరాదు. తొలి వారాల్లో సమయం ఎక్కువ పడుతుందన్న సంగతిని కూడా ముందే అంగీకరించాలి.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• సహాధ్యాయి ప్రతిస్పందన సహజంగా అబ్బే గుణం కాదు. నమూనాలు, వాక్యప్రారంభాలు, అభ్యాసం ద్వారా నేర్పవలసిన భాషానైపుణ్యం.

• ప్రతిస్పందన పొందినవారి కంటే ఇచ్చినవారికి కలిగే మేలు తక్కువది కాదు. కనుక చదువులో వెనుకబడిన విద్యార్థికి కూడా ఇచ్చే అవకాశం తప్పక దక్కాలి.

• మార్కులతో కలిసినప్పుడు, తిరగరాతకు సమయం లేనప్పుడు ఈ ప్రక్రియ ఫలించదు.

• తెలుగు తరగతిలో మాండలికాన్ని దోషంగా చూడకుండా కాపాడడం ఇందులో అంతర్భాగం.

తన మాటను శ్రద్ధగా చదివే మనిషి ఒకరు ఉన్నారని తెలిసిన విద్యార్థి జాగ్రత్తగా రాస్తాడు. ఎదుటివారి మాటను శ్రద్ధగా చదవడం నేర్చిన విద్యార్థి తన మాటను కూడా అలాగే చదువుకుంటాడు. బడి విడిచిన తరువాత అతని వాక్యాల కింద ఎర్రగీతలు గీసేవారు ఎవరూ ఉండరు. అప్పుడు తోడుండేది తరగతిలో అలవడిన ఆ చూపే.